వెలుగే గీసింది... వెలుగే చెరిపింది!

గోడకు తగిలించిన పెళ్లి ఫొటో కొన్నేళ్లకే వెలవెలబోతుంది ఎందుకు? ఈ దిగులు మనకే కాదు, కాగితం మీద ఫొటోను కనిపెట్టినాయనకూ ఉండేది. ఆయన ఇల్లూ, ఆ ఇంట్లోని ఓ కిటికీ ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆ కిటికీకి ఆయన తీసిన ఫొటో మాత్రం ఎవరి కంటా పడకుండా చీకట్లో ఉంది. ఇంగ్లండులోని లేకాక్ అనే పల్లెటూరి కథ ఇది.

సంక్రాంతి ముందు ఇంటికి వెల్ల వేయించేటప్పుడు గోడల మీది పటాలన్నీ కిందికి దిగుతాయి. ఒక్కో పటం తీసినచోట గోడ మీద నలుచదరంగా ఓ మచ్చ. చుట్టూ ఉన్న రంగు వెలిసిపోయి, పటం వెనకున్నంత మేరా కొత్తగా కనిపిస్తుంది. అద్దం పగిలిందనో, చెక్కకు చెద పట్టిందనో పాతికేళ్లనాటి పెళ్లి ఫొటోను పటాలు కట్టే కొట్టుకు తీసుకెళ్లి విప్పిస్తే ఇంకో వింత బయటపడుతుంది. ఫ్రేము అంచు కింద దాగిన పావు అంగుళం మేర పెళ్లికూతురి పట్టుచీర ఇంకా ఎర్రగానే ఉంటుంది. మిగతా చీరంతా ఏ రంగో చెప్పలేనట్టు తయారవుతుంది. ‘మా అమ్మ పెళ్లి చీర ఏ రంగు?’ అని అడిగే మనవరాలికి చూపించడానికి చివరికి మిగిలింది ఆ పావు అంగుళమే!

ఈ గొడవ రంగుల ఫొటోలతో వచ్చింది కాదు. స్టూడియోలతో వచ్చిందీ కాదు. ఫొటో పుట్టకముందే ఉంది. అసలు ఫొటో పుట్టడం అంత ఆలస్యం కావడానికి కారణమే ఇది. ఆ సంగతి జరిగిన చోటును చూడాలంటే లండన్‌కు పడమరగా ఉన్న విల్ట్‌షైర్ కౌంటీకి వెళ్లాలి.

తీగలు లేని వీధులు

లండన్‌లోని పాడింగ్టన్ స్టేషన్లో రైలెక్కితే గంటంపావుకి కాస్త అటూ ఇటుగా చిప్పెన్‌హామ్ వస్తుంది. అక్కణ్నుంచి లేకాక్ అయిదారు కిలోమీటర్లు. బాత్ నగరానికీ స్టోన్‌హెంజ్‌కీ కారులో బయల్దేరే పర్యాటకులు దారిలో ఓ పూట ఇక్కడ ఆగుతుంటారు. ఊరంటే ఎంతో లేదు. నాలుగు వీధులు, ఓ చర్చి, ఓ ధాన్యపు కొట్టాం, ఓ బుల్లి చెరసాల, రెండు మూడు పూటకూళ్ల ఇళ్లు. ఒకప్పుడు రైతులు పన్నుగా కొలిచిన ధాన్యాన్ని ఆ కొట్టాంలోనే పోసేవారు. జార్జ్ ఇన్ అనే పాత సత్రంలో పొయ్యి పక్కన గోడకు ఓ చెక్క చక్రం కనిపిస్తుంది. పూర్వం దాన్లో కుక్కను నడిపించి, దాంతో మాంసం కాల్చే ఊచను తిప్పేవారట. పాపం కుక్క!

వీధుల్లోకి అడుగుపెట్టగానే ఏదో తేడాగా అనిపిస్తుంది కానీ, అదేంటో వెంటనే తట్టదు. కాసేపటికి తడుతుంది... తలెత్తి చూస్తే ఒక్క కరెంటు తీగా అడ్డం రాదు. కప్పుల మీద టీవీ యాంటెన్నాలు లేవు. ఊరి యజమానురాలు మటిల్డా టాల్బాట్ 1944లో తమ భవనంతోపాటు దాదాపు ఊరు మొత్తాన్నీ ‘నేషనల్ ట్రస్ట్’ అనే సంస్థకు రాసిచ్చేశారు. ఆ సంస్థ ఊరి రూపురేఖలు మారకుండా కాపలా కాస్తోంది. ఇళ్లలో ఉండేవాళ్లలో ఎక్కువమంది ట్రస్టుకు అద్దె కట్టేవాళ్లే.

ఇలాంటి ఊరు సినిమావాళ్ల కంట పడకుండా ఉంటుందా! బీబీసీ తీసిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’, ‘క్రాన్‌ఫర్డ్’ సీరియళ్లలో వీధులన్నీ ఇవే. ఇక పిల్లలకైతే ఇది హ్యారీ పోటర్ ఊరు. మొదటి రెండు సినిమాల్లో హాగ్వార్ట్స్ బడి వసారాలుగా కనిపించినవి ఇక్కడి లేకాక్ ఆబీలోవే. మంత్రాల తరగతి గదిలో కనిపించిన పెద్ద గంగాళం కూడా సినిమావాళ్లు తెచ్చింది కాదు, భవనంలోనే ఉన్న అయిదొందల ఏళ్లనాటిదే. టికెట్టు కొనుక్కుని లోపలికి వెళ్లే పిల్లలు ముందు ఆ గంగాళం దగ్గరికే పరుగెడతారు. మేడ మీది కిటికీ సంగతి పెద్దవాళ్లలో కూడా కొందరికే గుర్తుంటుంది.

మఠం మేడయింది

ఈ ఆబీ ఒకప్పుడు సన్యాసినుల మఠం. సాలిస్‌బరీ జమీందారిణి ఎలా 1232లో దీన్ని స్థాపించింది. మూడొందల ఏళ్ల తర్వాత ఎనిమిదో హెన్రీ దేశంలోని మఠాలన్నింటినీ రద్దుచేస్తూ 1539లో దీన్నీ మూయించాడు. షారింగ్టన్ అనే ఆసామి కొనుక్కుని పైన మేడ కట్టుకున్నాడు. అందుకే కింద అంతస్తు గుళ్లా, పై అంతస్తు జమీందారీ బంగళాలా ఉంటుంది. అలా చేతులు మారుతూ వచ్చిన భవనంలోకి 1827లో కాపురానికొచ్చాడు విలియం హెన్రీ ఫాక్స్ టాల్బాట్. గణితం, వృక్షశాస్త్రం, రసాయనశాస్త్రం, పురాతన లిపులు... అన్నిట్లోనూ వేలుపెట్టిన మనిషి. ఒక్క బొమ్మలు గీయడమే చేతకాలేదు.

ఆ చేతకానితనమే చరిత్ర అయ్యింది. 1833 అక్టోబరులో భార్య కాన్‌స్టన్స్‌తో ఇటలీలోని కోమో సరస్సు ఒడ్డున ఉన్నప్పుడు ఆయన కూడా అందరిలా కొండల్నీ నీటినీ గీయబోయాడు. దృశ్యాన్ని కాగితం మీద పడ్డట్టు చూపించే పట్టకం సాయం చేసినా పెన్సిలు మాట వినలేదు. దృశ్యమే తనంతట తాను కాగితం మీద అచ్చుపడి, చెరిగిపోకుండా నిలిచిపోతే ఎంత బాగుండు అనుకున్నాడు. ఆ కోరికలో రెండు ముక్కలున్నాయి. అచ్చుపడటం ఒకటి, నిలిచిపోవడం ఇంకొకటి. మొదటిది తేలిగ్గానే దొరికింది. రెండోదాని కోసం ఆయన బతికినన్నాళ్లూ తంటాలుపడ్డాడు.

వెండి లవణాలు వెలుతురు తగిలితే నల్లబడతాయని అప్పటికే తెలుసు. టాల్బాట్ కంటే ముప్ఫయ్యేళ్ల ముందే థామస్ వెడ్జ్‌వుడ్ అనే ఆయన తోలు మీదా కాగితం మీదా వెండి నైట్రేటు పూసి, ఆకుల్ని పరిచి ఎండలో పెట్టి నీడల బొమ్మలు తీశాడు. కానీ ఆ ముచ్చట నాలుగు నిమిషాలది. ఎండ తగలని చోట తెల్లగా మిగిలిన ఆకు బొమ్మను చూద్దామని వెలుతుర్లోకి తెస్తే అది కూడా నల్లబడిపోయేది. మరెలా? కొవ్వొత్తి వెలుగులో దొంగచాటుగా చూసి మళ్లీ చీకట్లో దాచేయడమే. 1802లో అచ్చయిన ఆ ప్రయోగాల వివరాలను చదివితే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. చేతిలో బొమ్మ ఉంది, చూపించే దారి లేదు!

ఉప్పు చేసిన మేలు

టాల్బాట్‌ను గట్టెక్కించింది వంటింటి ఉప్పు. మంచి కాగితాన్ని ఉప్పునీళ్లలో ముంచి ఆరబెట్టి, పైన వెండి నైట్రేటు పూస్తే వెలుగుకు స్పందించే పొర తయారవుతుంది. ఇక్కడే ఆయన ఓ విశేషం గమనించాడు. ఉప్పు తక్కువైతే కాగితం చురుగ్గా నల్లబడుతోంది, ఎక్కువైతే మొద్దుబారిపోతోంది. అంటే తక్కువ ఉప్పుతో బొమ్మ తీసి, తర్వాత చిక్కటి ఉప్పునీళ్లతో కడిగితే? నల్లబడ్డ చోట నల్లగానే ఉంటుంది, మిగతా చోట కాగితానికి మత్తు ఇచ్చినట్టవుతుంది. ఆవకాయకు పట్టించినట్టు బొమ్మకు కూడా నిలవ ఉండేందుకు ఉప్పు పట్టించాడన్నమాట.

ఊరి వడ్రంగి చేత అగ్గిపెట్టెలకు అన్నల్లాంటి చిన్న చిన్న చెక్క పెట్టెలు చేయించి, ముందు కటకం బిగించి, లోపల కాగితం పెట్టి ఇంటి చుట్టూ అక్కడొకటి ఇక్కడొకటి వదిలేసేవాడు. కాన్‌స్టన్స్ వాటికి ‘ఎలుకబోనులు’ అని పేరు పెట్టింది. 1835 ఆగస్టులో అలాంటి బోనొకటి దక్షిణ వసారాలోని నడిమి కిటికీకి ఎదురుగా కూర్చుంది. అందులో చిక్కింది తపాలా బిళ్ల కంటే కాస్త పెద్దదైన కిటికీ బొమ్మ. వెలుగున్న అద్దాలు నల్లగా, నీడలో ఉన్న చట్రం తెల్లగా, మొత్తంగా వంకాయ పువ్వు రంగులో. నేటికీ మిగిలి ఉన్న నెగెటివ్‌లలో అన్నిటికన్నా పాతది అదే.

ఆ బొమ్మను నల్ల కాగితం మీద అంటించి, పక్కన టాల్బాట్ తన చేత్తో రెండు ముక్కలు రాశాడు. మొదట తీసినప్పుడు ఇందులోని గాజు పలకలు, సుమారు రెండొందలు, భూతద్దం పెట్టి లెక్కపెట్టగలిగేలా ఉండేవని ఆ రాతకు అర్థం. ‘మొదట తీసినప్పుడు’ అన్న మాట దగ్గర ఆగాలి. అంటే రాసేనాటికే బొమ్మ కొంత మసకేసింది. మిగిలి ఉన్నవాటిలో అన్నిటికన్నా పాత నెగెటివ్ పక్కన ఉన్న వ్యాఖ్య వెలిసిపోవడం గురించే!

ఉప్పు మత్తు ఇస్తుందే కానీ వెండి లవణాన్ని బయటికి పంపదు. అది కాగితంలోనే ఉంటుంది, ఎప్పుడు వెలుగు తగిలితే అప్పుడు మేల్కొంటుంది. అందుకే ఆ నెగెటివ్‌ను ఉత్తర ఇంగ్లండులోని బ్రాడ్‌ఫోర్డ్‌లో, నేషనల్ సైన్స్ అండ్ మీడియా మ్యూజియంలో చీకట్లో భద్రపరిచారు. జనం చూసేవన్నీ నకళ్లే. దేశదేశాల పుస్తకాల్లో అచ్చయిన ఆ బొమ్మ ఒరిజినల్‌ను కళ్లారా చూసినవాళ్లు చాలా తక్కువ.

స్నేహితుడి సీసా

అసలు మందు ఇంకొకరి దగ్గరుంది. 1839 జనవరిలో ఫ్రాన్సులో డాగేర్ రాగి రేకు మీద ఫొటోలు తీసినట్టు ప్రకటన రాగానే, ఆ పని తాను ముందే చేశానంటూ టాల్బాట్ ఆదరాబాదరాగా లండన్‌లో తన బొమ్మలు పెట్టాడు. ఈ కబురు విన్న ఖగోళశాస్త్రవేత్త జాన్ హెర్షెల్‌కు ఇరవై ఏళ్ల కిందట తాను చేసిన ఓ ప్రయోగం గుర్తొచ్చింది. వెండి లవణాల్ని కరిగించి తీసుకెళ్లిపోయే రసాయనమొకటి 1819లోనే ఆయన కంటపడింది. అదే హైపో! ఫిబ్రవరి ఒకటో తారీకున తన ఇంటికి వచ్చిన టాల్బాట్‌కు ఆ కిటుకు దాపరికం లేకుండా చెప్పేశాడు హెర్షెల్. మన ఊళ్లలో డార్క్‌రూమ్‌లున్న రోజుల్లో స్టూడియోవాళ్ల వేళ్లకు ఎప్పుడూ అంటుకుని ఉండే వాసన ఆ హైపోదే.

ఇక కష్టాలు తీరినట్టేననుకున్నారంతా. టాల్బాట్ తన దగ్గర పనిచేసిన నికొలాస్ హెన్నెమన్ చేత రెడింగ్ పట్టణంలో ఏకంగా ఫొటోలు అచ్చుతీసే కార్ఖానా పెట్టించాడు. 1844 నుంచి ‘పెన్సిల్ ఆఫ్ నేచర్’ అనే పుస్తకాన్ని భాగాలుగా తెచ్చాడు. దాన్లో బొమ్మలు అచ్చువేసినవి కావు, ఒక్కో ప్రతికీ అసలు ఫొటోలు అంటించారు. 1846లో ఓ కళల పత్రిక తన చందాదారులందరికీ పంచడానికి వేల ఫొటోలు అడిగింది. ఎంత మంచి అవకాశం! కానీ అంతమంది ఇళ్లకు ఒక్కసారే చేరిన ఆ బొమ్మలు, అంతమంది కళ్లముందే పసుపెక్కి పాలిపోవడం మొదలెట్టాయి. హడావుడిలో హైపోను సరిగ్గా కడిగేయకపోవడం, అదే ద్రావణాన్ని పదేపదే వాడటం... తప్పు అక్కడుంది. బొమ్మను కాపాడటానికి వచ్చిన హైపో కాగితంలో మిగిలిపోతే దాన్లోని గంధకం వెండిని మెల్లగా తినేస్తుంది. మందు ఒంట్లో ఉండిపోతే విషమైనట్టు! ‘ఫొటోలా? ఎన్నాళ్లుంటాయిలెండి’ అని జనం పెదవి విరిచే రోజులొచ్చాయి.

పరువు పోతోందని లండన్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ 1855లో ఏకంగా ఓ కమిటీనే వేసింది. దాన్నిప్పుడు ‘ఫేడింగ్ కమిటీ’ అంటారు, అంటే వెలిసిపోయే బొమ్మల కమిటీ. విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ కూడా దానికి యాభై పౌండ్లు ఇచ్చాడు. ఇంట్లో తన పిల్లల ఫొటోలే పాలిపోతుంటే ఏ తండ్రి ఊరుకుంటాడు! కమిటీ అదే ఏడాది చెప్పిన మాటలు ఇవాళ చదివినా పాతబడలేదు. హైపో వాడాక ఫొటోను బాగా కడగండి, చన్నీళ్లకంటే వేణ్నీళ్లు మేలు. ఏదో రూపంలో బంగారాన్ని వాడితే మంచిది. ఫొటోను తేమకు దూరంగా ఉంచండి. గాలి తగలకుండా పైన ఏదైనా పూత వేసి చూడండి. పట్నాల గాలిలోని గంధకపు పొగ, అంటించడానికి వాడే జిగురు కూడా ఫొటోలకు శత్రువులేనని అప్పుడే పట్టుకున్నారు.

దీపపు మసి మీద నమ్మకం

టాల్బాట్ మాత్రం ఇంకోదారి పట్టాడు. వెండిని నమ్ముకుంటే లాభం లేదనుకున్నాడు. అచ్చు పుస్తకాల్లో నాలుగొందల ఏళ్లనాటి సిరా కూడా నల్లగానే ఉందెందుకు? అది మసి కాబట్టి. మసికి ఎండ అంటే భయం లేదు. ఈ సంగతి మన పెద్దలకు వేరే చెప్పక్కర్లేదు. తాటాకు మీద ఘంటంతో రాసి, ఆ గాట్లలో మసి రుద్దిన గ్రంథాలు ఆకు చివికినా అక్షరం చెదరకుండా ఉన్నాయి. ఫొటోను రాగి, ఉక్కు పలకల మీదికి ఎక్కించి, సిరాతో అచ్చుతీసే పద్ధతుల కోసం టాల్బాట్ 1852లోనూ, 1858లోనూ పేటెంట్లు తీసుకున్నాడు. ఇవాళ ఈ పత్రికలో ఫొటోలు సిరాతో అచ్చవుతున్నాయంటే ఆ దారిలో తొలి అడుగులు వేసినవాళ్లలో ఆయనా ఒకడు.

కాగితపు నెగెటివ్ విద్య మన గడ్డ మీదికీ వచ్చింది. ఆ పద్ధతిలో 1855లో బర్మాలో ఫొటోలు తీసిన లినేయస్ ట్రైప్ అనే సైనికాధికారి తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ ఫొటోగ్రాఫర్ అయ్యాడు. 1845లో వాల్టర్ ఇలియట్ అమరావతి స్తూపం దగ్గర తవ్వించి మద్రాసు చేర్చిన శిల్పాలను ట్రైప్ 1858లో ఫొటో తీశాడు. ఆ శిలల్లో చాలావరకు తర్వాత ఓడెక్కి లండన్ వెళ్లిపోయాయి. అవి మద్రాసులో ఉన్నప్పుడు ఎలా ఉండేవో చెప్పే కాగితాలు ఇన్నేళ్లూ నిలిచాయంటే అవి గోడలకు వేలాడలేదు. గ్రంథాలయాల్లో, మూసిన ఆల్బమ్‌లలో పడుకున్నాయి.

మూడు నెలలు... ఇరవై ఏడు నిమిషాలు

వెలుగు ఏమాత్రం పడాలన్నదానికి మ్యూజియాలకు ఓ లెక్క ఉంది. పాత కాగితపు ఫొటోల్లాంటి సున్నితమైన వాటి మీద పడే వెలుగు 50 లక్సులు దాటనివ్వరు. గదిలోకి అడుగుపెట్టగానే ‘ఇంత చీకటేంటి’ అనిపించే వెలుగది. అది కూడా ఏ మూడు నెలలో పెట్టి తీసేసి, కొన్నేళ్లు చీకట్లో విశ్రాంతి ఇస్తారు. రోజుకు పది గంటల చొప్పున తొంభై రోజులు వేసుకుంటే మొత్తం 45 వేల లక్స్ గంటలు. మన మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు లక్ష లక్సులు. అంటే మ్యూజియం మూడు నెలల్లో పొదుపుగా ఖర్చుపెట్టే వెలుగును ఎండ ఇరవై ఏడు నిమిషాల్లో కుమ్మరిస్తుంది! కిటికీ పక్క గోడ మీద పగలంతా సగటున 500 లక్సులున్నాయనుకున్నా అదే మోతాదు తొమ్మిది రోజుల్లో పూర్తవుతుంది. మన హాల్లో పెళ్లి ఫొటో ఏడాది పొడుగునా అక్కడే ఉంటుంది.

అతినీలలోహిత కిరణాల్ని ఆపే అద్దం వేయిస్తే సరిపోదా అంటే, కొంత మేలే. మామూలు అద్దం ఆ కిరణాల్ని పూర్తిగా ఆపదు, ప్రత్యేకమైన అద్దం చాలావరకు ఆపుతుంది. అయితే కంటికి కనిపించే వెలుగు కూడా రంగుల్ని తింటుంది. దాన్నీ ఆపే అద్దం వేస్తే ఫొటో కనిపించదు! ‘ఈ అద్దం వేస్తే వందేళ్లు గ్యారంటీ’ అనే మాటను కాస్త తగ్గించుకునే వినాలి.

ఏ రంగు ముందు పోతుందో తెలుసుకోవాలంటే పాత సెలూన్‌కు వెళితే చాలు. గోడ మీది క్రాపుల ఫొటోల్లో హీరోలందరూ నీలం రంగులో ఉంటారు. అవి అచ్చు సిరా బొమ్మలే అయినా నల్ల సిరాకున్న గట్టితనం రంగు సిరాలకు లేదు. పసుపు, గులాబి రంగులు ఎండకు ముందు లొంగిపోయి నీలం ఒంటరిగా మిగులుతుంది. 1970, 80ల నాటి ఆల్బమ్‌లలో జరిగింది దీనికి తిరగబడి. చీకట్లోనే ఉన్నా ఆనాటి రంగు ఫొటోల్లో నీలి రంగు తనంతట తాను క్షీణించి, అందరూ ఎర్రబారిపోయారు. ఆ కాలపు రసాయనాలు అలాంటివి. స్టూడియోలో శ్రద్ధగా కడిగిన నలుపు తెలుపు ఫొటోలే వీటికంటే గట్టివి. తాతగారి ఫొటో స్ఫుటంగా ఉండి, మనవడి బారసాల ఫొటో పాలిపోవడానికి కారణమదే.

మన హాల్లో ఏం చేయొచ్చు?

లేకాక్ నెగెటివ్‌కు మ్యూజియంవాళ్లు చేసిందే మనమూ చేయొచ్చు. అసలుది బీరువాలో, నకలు గోడ మీద. ఇంట్లో పెద్దవాళ్లది ఒకే ఒక్క ఫొటో ఉంటే దాన్ని వెంటనే దించి మంచి స్కాన్ చేయించి, ఆ ప్రతిని పటం కట్టించాలి. స్కానర్ అందుబాటులో లేకపోతే ఫ్లాష్ లేకుండా, నీడపట్టున సెల్‌ఫోన్‌తో తీసినా ఏమీ లేనిదానికంటే నయం. నకలు వెలిసిపోతే ఇంకోటి తీయించుకోవచ్చు. ప్రింటు తీయించేటప్పుడు ఇంక్‌జెట్ అయితే పిగ్మెంట్ సిరాతో చేస్తారా అని అడగండి. డై సిరాకంటే అది ఎక్కువకాలం ఆగుతుంది. డై సిరా ప్రింట్లు వెలుగుకే కాదు, అద్దం లేకుండా ఉంచితే గాలిలోని ఓజోనుకు కూడా రంగు మారతాయి.

అసలు ఫొటోను అటక మీద పెట్టెలో పెట్టడం దాచడం కాదు. వేసవిలో అక్కడి వేడి చాలు దాన్ని ముసలిదాన్ని చేయడానికి. తెల్లటి మంచి కాగితంలో చుట్టి, ఇంటి మధ్యగదిలోని బీరువాలో బట్టల మధ్య ఉంచితే మేలు. జిగురు గీతల మీద ప్లాస్టిక్ పొర కప్పే ఆల్బమ్‌లు ఒకప్పుడు ప్రతి పెళ్లిలోనూ కానుకగా వచ్చేవి. వాటిలో ఉన్నవి ఉంటే మెల్లగా బయటికి తీసేయడం మంచిది, ఆ జిగురు ఫొటోను పసుపెక్కిస్తుంది. రాకపోతే లాగొద్దు. పేజీ పేజీనే స్కాన్ చేయించండి.

ఇక పటం సంగతి. మన దగ్గర ఫొటోను తెచ్చి అద్దానికి నేరుగా ఆనించేస్తారు. వానాకాలం తేమకు ఫొటో పైపొర మెత్తబడి అద్దానికి అంటుకుపోతుంది. ఆ తర్వాత ఊడదీస్తే ముఖం అద్దం మీద, చొక్కా కాగితం మీద! మధ్యలో అట్ట చట్రం పెట్టించి కాస్త ఎడం ఉంచమని చెబితే కొట్టువాడు నాలుగు డబ్బులు ఎక్కువ అడుగుతాడు, ఇవ్వొచ్చు. ఇప్పటికే అంటుకుపోయి ఉంటే అద్దంతో సహా ఫొటో తీయించి, దాని జోలికి పోకుండా వదిలేయడమే. వెనకాల దన్నుగా పాత న్యూస్‌పేపర్లు మడిచిపెట్టే అలవాటు కూడా ఉంది. న్యూస్‌ప్రింట్‌లోని ఆమ్లం ఫొటోకు పడదు. పత్రిక చెబుతున్న మాట కాబట్టి నమ్మొచ్చు!

వాన జల్లుకు తడిసే బయటి గోడా, వంటింటి పక్క గోడా, పడమటి ఎండ పడే గోడా ఫొటోలకు పనికిరావు. కాలం చేసినవాళ్ల పటానికి గంధం, కుంకుమ అద్దం మీదే పెట్టాలి, తడి పూలదండ కారి చట్రం లోపలికి దిగకుండా చూసుకోవాలి. పటం నెత్తిన పగలూ రాత్రీ వెలిగే చిన్న బల్బు ఉంటుంది చూడండి, భక్తితో పెట్టిందే అయినా అది కూడా ఏళ్ల తరబడి రంగును తాగుతూనే ఉంటుంది. ఎల్ఈడీ అయితే వేడీ, అతినీలలోహిత కిరణాలూ దాదాపు ఉండవు కానీ వెలుగు వెలుగే. పండక్కో, తిథికో వెలిగించి తర్వాత ఆర్పేస్తే తాతగారేమీ అనుకోరు.

కిటికీ ఇంకా అక్కడే

టాల్బాట్ 1877లో లేకాక్ ఆబీలోనే కన్నుమూశాడు. ఊరి శ్మశానంలోనే ఆయన సమాధి ఉంది. ఆబీ ద్వారం దగ్గరి పాత కొట్టాంలో 1975లో ఆయన పేరిట మ్యూజియం పెట్టారు. వెళ్లాలనుకునేవాళ్లు వేళలు ముందుగా చూసుకుని బయల్దేరడం మంచిది. చలికాలంలో కొన్ని గదులు మూసి ఉంచుతారు.

మేడ మీద దక్షిణ వసారాలో నడిమి కిటికీ దగ్గర మాత్రం ఎప్పుడూ ఎవరో ఒకరు నిలబడి సెల్‌ఫోన్ ఎత్తి ఫొటో తీస్తుంటారు. తీయడానికి క్షణం పట్టదు. తీశాక కొందరు దగ్గరికెళ్లి, టాల్బాట్ భూతద్దంతో లెక్కపెట్టిన ఆ గాజు పలకల్ని వేలుపెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టడం మొదలెడతారు. వరసకిన్ని అని లెక్కేస్తూ వందకు చేరేసరికి పిల్లలు వచ్చి గంగాళం చూద్దాం రమ్మని చెయ్యి లాగుతారు.